మహారాజశ్రీ సైకిల్ చెయిన్ గారికి

మహారాజశ్రీ సైకిల్ చెయిన్ గారి సముఖానికి,

బెజవాడ సత్యనారాయణపురం నుంచి ఒక మామూలు సంసారి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మమ్మల్ని కొట్టేది ఎండ ఒక్కటే, అదీ మార్చి నుంచి జూన్ దాకానే. మీ క్షేమ సమాచారాలు అప్పుడప్పుడూ టీవీలో చూస్తూనే ఉన్నాను.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మీరు నాకు బాగా గుర్తు. నా కుడిచేతి చూపుడువేలు మీద మీ సంతకం ఇంకా ఉంది. 1989 అక్టోబరు 5న ‘శివ’ విడుదలైంది. నేనప్పుడు ఇంటర్ రెండో ఏడు. కాలేజీలో నాగార్జున సైకిలు మీదికి వంగి మిమ్మల్ని ఒక్క గుంజు గుంజితే ఊడి చేతిలోకి వచ్చేశారు. హాల్లో జనం కుర్చీల మీదికి ఎక్కారు. నేనూ ఎక్కాను. పక్కవాడి టిఫిన్ క్యారేజీ తొక్కాను కూడా.

మర్నాడు పొద్దున్నే మేం నలుగురం స్నేహితులం మా నాన్న సైకిలుకి స్టాండు వేసి చుట్టూ చేరాం. చెయిన్ కవరు విప్పడానికే అరగంట పట్టింది. పాపం హీరోకి ఆ బాధ లేదు. ఒకడు సీటు పట్టుకున్నాడు, ఒకడు హ్యాండిల్ పట్టుకున్నాడు, ఇంకొకడు నోటితో మ్యూజిక్ ఇచ్చాడు, నేను గుంజాను. మీరు రాలేదు. మళ్లీ గుంజాను. పెడల్ గిర్రున తిరిగింది, నా వేలు మీకూ చెయిన్ వీలుకీ మధ్య ఇరుక్కుంది. ఆ రోజు నేను వేసిన కేకకి ఎదురింటి వాళ్లు నిజంగానే గొడవ జరుగుతోందనుకుని తలుపులేసుకున్నారు.

నాన్న ఆ పూట గవర్నర్‌పేటలోని ఆఫీసుకి నడిచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కటే మాట అన్నాడు. “నాగార్జునకైతే వాళ్ల నాన్న ఇంకో సైకిలు కొంటాడురా. నీకెవడు కొంటాడు?”

సాయంత్రం మిమ్మల్ని సైకిల్ షాపుకి తీసుకెళ్లాను. షాపాయన నా కట్టు చూశాడు, సైకిలు చూశాడు, అడగాల్సింది ఏమీ లేదన్నట్టు తలూపాడు. “ఈ వారంలో నువ్వు ఆరోవాడివి” అన్నాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ఒక చెయిన్‌లో 110 పైచిలుకు లింకులుంటాయట. వాటిలో ఒక్క దానికి లాక్ ఉంటుంది. ఆ లాక్‌ని కటింగ్ ప్లేయరుతో నొక్కితే ఊడుతుంది, లేకపోతే మనిషి లేచి నిలబడి వంతెన ఎక్కించినా చెయిన్ తెగదు. “మరి సినిమాలో?” అన్నాను. “సినిమాలో షాపువాడు ముందే లాక్ తీసి ఉంటాడు బాబూ. వాడికి పేరు వెయ్యలేదు, అంతే” అన్నాడు. ముప్ఫయ్యారేళ్లలో సినిమా గురించి నేను విన్న ఏ విమర్శా ఆ మాటకి సాటి రాలేదు.

ఇది మీ మీద ఫిర్యాదు అనుకునేరు. కాదు. మీ అసలు ఉద్యోగం నాకు తెలుసు. నాన్న ప్యాంటు అంచుకి రబ్బరు బ్యాండు వేసుకుని తొక్కిన రోజులన్నీ మీరే లాగారు. బ్యాండు మర్చిపోయిన రోజున ప్యాంటుకి అంటిన మీ గ్రీజుని అమ్మ కిరసనాయిలు పెట్టి రుద్దేది. తెల్లవారకముందే పాల క్యాన్లు, పేపరు కట్టలు, బియ్యం బస్తాలు, ముందు కడ్డీ మీద ఒక పిల్లాడు, వెనక క్యారియర్ మీద ఇంకో పిల్లాడు. ఈ ఊరిని ఇన్నేళ్లు మీరు మోశారు. ఆ పనికి మీకెవరూ ఇళయరాజా చేత మ్యూజిక్ కొట్టించలేదు. ఒక్క రోజు చెయ్యి మారి ఒకడి వీపు మీద పడ్డారు, అంతే, స్టారైపోయారు. అక్కడ లాభపడింది మీరు, ఇరుక్కున్నది మేము.

ఎలా ఇరుక్కున్నామో చెప్తాను.

మా ఊరికి రెండు పేర్లున్న సంగతి మీకు తెలుసు. విజయవాడ అంటే కనకదుర్గమ్మ గుర్తొస్తుంది. బెజవాడ అంటే మీరు గుర్తొస్తారు. 1996లో ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేట దగ్గర గది చూశాను. ఇంటావిడ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. “మీదే ఊరు బాబూ?” అంది. “విజయవాడ అండీ” అన్నాను. గ్లాసు వెనక్కి తీసుకుంటూ “అంటే... బెజవాడా?” అంది. అప్పుడు నా బరువు యాభై రెండు కిలోలు. తలకి కొబ్బరినూనె, జేబులో హాల్ టికెట్, సంచిలో అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి. నన్ను పైనించి కిందిదాకా చూసి, “గొడవలేం ఉండవు కదా?” అని అడిగింది. గది ఇచ్చింది కానీ అడ్వాన్సు మూడు నెలలది తీసుకుంది. అంతకుముందు దిగినవాడి దగ్గర ఒక నెలదే తీసుకుందని తర్వాత తెలిసింది. ఆ రెండు నెలల తేడా మీ ఖాతాలో రాశాను.

అయితే లెక్క లెక్కలాగే చెప్పాలి. మీ వల్ల నాకు లాభం కూడా వచ్చింది. మా గదిలో ఒకడికి ఎవడో అప్పు ఎగ్గొడితే, అడగడానికి నన్ను కూడా వెంటపెట్టుకుని వెళ్లాడు. నేను ఒక్క మాట మాట్లాడలేదు, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. “వీడిది బెజవాడ” అన్నాడు మావాడు, అంతే. సాయంత్రానికి డబ్బు వచ్చేసింది. నా మౌనం వాళ్లకి భయంకరంగా కనిపించిందట. నిజానికి కాళ్లు వణుకుతున్నాయి. లుంగీ కాబట్టి బయటపడలేదు. ఆ తర్వాత ఎవరైనా “మీదే ఊరు?” అంటే, మనిషిని బట్టి పేరు చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఇంటి ఓనర్లకి విజయవాడ. బాకీదార్లకి బెజవాడ.

ఇక్కడ కాసేపు వ్యంగ్యం పక్కన పెడతాను, ఏమనుకోకండి.

1988 డిసెంబరు 26న, నిరాహారదీక్షలో కూర్చున్న మా ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాని చంపేశారు. ఆ తర్వాత జరిగింది ఈ ఊళ్లో నా వయసు వాళ్లందరికీ తెలుసు. షాపులు తగలబడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు. మేడ మీదికి ఎక్కితే ఏ దిక్కు చూసినా పొగ. కర్ఫ్యూ సడలించిన గంటలో నాన్న పాల కోసం పరిగెత్తేవాడు, ఆయన వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడేది. దానికి మ్యూజిక్ లేదు, స్లో మోషన్ లేదు. ఎవరూ ఈల వెయ్యలేదు. ఇది జరిగిన తొమ్మిది నెలలకి అదే ఊళ్లో, అదే మేము, టికెట్ల కోసం క్యూ కట్టి మిమ్మల్ని చూసి కుర్చీలెక్కాం. ఎందుకు ఎక్కామో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నిజంగా చూసిన భయం తెర మీదికి అందంగా వచ్చేసరికి, పోనీలే, ఇక్కడైనా ఎవడో ఒకడు తిరగబడి కొట్టాడు అనిపించిందేమో.

నిజం రౌడీ ఎలా ఉంటాడో మాకు తెలియక కాదు. మా పక్కవీధిలో రౌడీషీటు ఉన్న ఒకాయన ఉండేవాడు. ఎన్నికలొస్తే బైండోవర్, అంటే గొడవ చెయ్యనని పూచీ రాసివ్వడం. పెద్ద పండగొస్తే స్టేషనుకి పిలిచేవాళ్లు. మధ్యలో ఆదివారాలు కౌన్సెలింగ్ అంటే వెళ్లి చెట్టు కింద వరసలో నిలబడి వచ్చేవాడు. కేసు వాయిదాలకి తిరిగి తిరిగి ఉన్న రెండు సెంట్ల స్థలం అమ్మేశాడు. కూతురికి కుదిరిన సంబంధం, వాళ్లెవరో స్టేషన్లో వాకబు చేయడంతో తప్పిపోయింది. ఆ రోజు ఆయన అరుగు మీద కూర్చుని బీడీ మీద బీడీ కాల్చడం నేను చూశాను. మరి మీ తర్వాత వచ్చిన సినిమాల్లో ఒక్క హీరోనైనా ఆదివారం కౌన్సెలింగుకి పిలిచారా? ఒక్కడైనా వాయిదాకి వెళ్లి, లాయరు రాలేదని వెనక్కి వచ్చాడా? మీకు ముందు తెర మీద రౌడీ అంటే మెడలో రుమాలు, బుగ్గ మీద గాటు, పక్కన జ్యోతిలక్ష్మి పాట. ఆఖరి రీల్లో పోలీసులొచ్చి పట్టుకెళ్లేవాళ్లు. మీ తర్వాత పోలీసులు రావడం మానేశారు. రౌడీని కొట్టాలంటే ఇంకా గట్టి రౌడీ కావాలి, వాడే హీరో అని ఖాయమైపోయింది. ఈమధ్య ‘రౌడీ’ అనే పేరుతో బట్టల బ్రాండు కూడా వచ్చింది. మా అబ్బాయి ఒక టీషర్టు కొన్నాడు. మా పక్కవీధి ఆయన జీవితమంతా చింపుకోవాలనుకున్న పేరు, వీడు ఇస్త్రీ చేసుకుని వేసుకుంటున్నాడు.

నిందించడానికి పరాయివాళ్లు దొరికారా అంటే, అదీ లేదు. దర్శకుడు రాంగోపాల్ వర్మ ఇంజనీరింగు చదివింది మా కానూరు సిద్ధార్థ కాలేజీలోనే. తన కాలేజీ రోజుల్లో చూసినవే ఆ కథకి ఆధారమని ఆయనే చెప్పుకున్నాడు. సినిమాల పెట్టెలు ఊరూరికీ వెళ్లింది మా గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి. అసలు ఈ ఊరికి సినిమా పిచ్చి కొత్తదా? మారుతీ టాకీస్ కట్టింది 1921లో. పెట్టుబడి మాది, కథ మాది, ఈల మాది. పరువు మాత్రం ఎవరో తీశారంటున్నాం.

అన్నట్టు అదే 1921లో ఇక్కడ కాంగ్రెస్ సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. ఇన్నేళ్లలో హైదరాబాదులో గానీ, బెంగళూరులో గానీ, “ఓహో, జెండా పుట్టిన ఊరా!” అన్న మనిషి నాకు తగల్లేదు. మీ సొంత సంవత్సరమే తీసుకోండి. మా పుస్తకాల పండగ మొదలైంది కూడా 1989లోనే. ఏటా జనవరిలో జనం సంచులు పట్టుకుని వస్తారు, దుమ్ములో గంటలకొద్దీ నిలబడి పుస్తకాలు ఏరుకుంటారు. ఒకే ఏడాది మా ఊరి పేరు మీద పుస్తకాలూ వచ్చాయి, మీరూ వచ్చారు. ఏది నిలిచిందో చెప్పనక్కర్లేదు. పుస్తకాన్ని చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎవడైనా బాకీ తీరుస్తాడా?

2011లో ఒక తమాషా జరిగింది. ‘బెజవాడ రౌడీలు’ అని ఒక సినిమా మొదలుపెట్టారు. ఊరికి చెడ్డపేరొస్తుందని అభ్యంతరాలు లేచాయి. చివరికి పేరు మార్చి విడుదల చేశారు. ఎలా మార్చారు? ‘రౌడీలు’ తీసేసి ‘బెజవాడ’ అని ఉంచారు. మేం గెలిచామనుకుని స్వీట్లు పంచుకున్నంత పని చేశాం. కొంచెం ఆలోచించాక అర్థమైంది. పోస్టరు చూసినవాళ్లలో ఒక్కడికి కూడా ఏమీ తగ్గినట్టు అనిపించలేదు. మా ఊరి పేరు చెప్తే ఆ రెండో మాట దానంతటదే వచ్చి కూర్చుంటోంది. అనవసరంగా అక్షరాల ఖర్చు ఎందుకని వాళ్లు మిగుల్చుకున్నారు.

ఆ అభ్యంతరాలు లేచిన రోజుల్లో నేను కూడా ఆఫీసులో గట్టిగానే మాట్లాడాను. “ఒక ఊరు ఊరంతటినీ ఇలా చూపిస్తారా, ఎంత అన్యాయం!” అని. నా ఎదురు టేబులు మీద కడప ఆయన ఉండేవాడు. నెమ్మది మనిషి, మధ్యాహ్నం భోజనం అవగానే అన్నమయ్య కీర్తన ఒకటి కూనిరాగం తీసేవాడు. ఆయన తలెత్తి, “అవునన్నా. మరి మా ఇంట్లో బాంబులు ఎక్కడ పెడతారని నన్ను అడిగింది నువ్వే కదా?” అన్నాడు.

అడిగాను. నిజమే. ఆయన చేరిన మొదటి వారంలో, పదిమందిలో, నవ్వుతూ అడిగాను. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడిన దగ్గర్నుంచి వరసగా సీమ అంటే సుమోలు, వేటకొడవళ్లు, పేలే తోటలు. అన్నమయ్యా వేమనా తిరిగిన నేల అది. బ్రౌన్ దొర తెలుగు పుస్తకాలు వెతికి రాయించిన చోటు. మాకు సుమో గాల్లోకి లేవడమే గుర్తుంది. ఆయన అప్పుడు నవ్వి ఊరుకున్నాడు. పన్నెండేళ్లు ఆ నవ్వు దాచుకుని ఆ రోజు తిరిగిచ్చాడు.

ఇక నాకు నిద్ర పట్టలేదు. మేం ఎవరెవర్ని చూసి నవ్వామో లెక్క తీశాను. శ్రీకాకుళం మాట వినపడితే వాచ్‌మన్ వచ్చాడని నవ్వాం. గోదావరి వాళ్లు “ఆయ్” అనగానే నవ్వాం. గుంటూరు వాళ్ల నాలుక్కీ కోపానికీ మిరపకాయే కారణమని తేల్చేశాం. తెలంగాణ మాట అయితే సరేసరి, విలనుకో కమెడియనుకో రాసిచ్చేశాం. 1985లో ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాస మాట్లాడే మంత్రిగా కోట శ్రీనివాసరావు గారు అదరగొట్టారు. ఆయనది మా పక్కనే కంకిపాడు. గొప్ప నటుడు, అందులో వాదం లేదు. అయినా వరంగల్లులో కూర్చుని చూసిన మనిషికి ఎలా ఉండి ఉంటుందో మేం ఎప్పుడైనా అనుకున్నామా? హీరో మాట్లాడేది మాత్రం మా కృష్ణా, గుంటూరు మాట. దానికి యాస అని కూడా పేరు లేదు, ‘మామూలు తెలుగు’ అన్నాం. అందరి మీదా తలో ముద్రా వేసి, మా మీద ఒక్క ముద్ర పడేసరికి పరువు పోయిందని గోల పెట్టాం. ఈ విషయంలో మీకు క్షమాపణ చెప్పాల్సిన పని లేదు, ఆ కడప ఆయనకి చెప్పాలి. ఆయన రిటైరయ్యి ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. ఫోను చేద్దామని నంబరు తీస్తాను, మళ్లీ ఏదో పని తగులుతుంది.

మొన్న 2025 నవంబరులో మిమ్మల్ని మళ్లీ విడుదల చేశారు కదా, కొత్త ప్రింటు, కొత్త సౌండు. మా అబ్బాయిని తీసుకెళ్లాను. నాకిప్పుడు యాభై మూడు. కుర్చీ ఎక్కలేదు, మోకాలు ఒప్పుకోదు. మీరు ఊడి వచ్చిన క్షణాన కుర్రాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. వందల చిన్న చిన్న తెరల మీద మీరు వందల సార్లు ఊడారు. మావాడు నా చెవిలో, “నాన్నా, నిజంగా అలా వస్తుందా?” అన్నాడు. నేను చూపుడువేలు చూపించాను. చీకట్లో వాడికి కనపడలేదు.

ఒక సంగతి మాత్రం నన్ను కుదిపేసింది. ఆ కథలో హీరో తన అన్న కూతుర్ని పోగొట్టుకుంటాడు. చిన్నపిల్ల. ఇతను మొదలుపెట్టిన గొడవకి ఆ పిల్ల బలవుతుంది. నేనా సినిమా ఆ రోజుల్లో నాలుగు సార్లు చూశాను. మీరెన్ని సార్లు గాల్లో తిరిగారో చెప్పగలను గానీ, ఆ పిల్ల సంగతి నాకు గుర్తే లేదు. పూర్తిగా మర్చిపోయాను. రాసినవాళ్లు చెప్పాల్సింది చెప్పారు, తీసినవాళ్లు చూపించారు. మేం చెయిన్ ఒక్కటి ఇంటికి తెచ్చుకుని మిగతాది హాల్లోనే వదిలేశాం. ఫోన్లు పైకెత్తిన కుర్రాళ్లు ఆ సీనుకి దించేశారు. కొందరు సమోసాల కోసం బయటికి వెళ్లారు.

ఇంతకీ ఈ ఉత్తరం ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన ఆదివారం మీవాళ్లలో ఒకరు నా చేతికొచ్చారు. మావాడి గేర్ సైకిలు మీద ప్రకాశం బ్యారేజీ దాకా వెళ్లొద్దామని తెల్లవారుజామున బయల్దేరాం. వాడు వెనక జాగింగు. బ్యారేజీ ఇంకో వంద గజాలుందనగా టప్‌మని శబ్దం. ముప్ఫయ్యారేళ్ల కిందట నలుగురం గుంజినా రానిది, చిన్న ఎత్తు ఎక్కేసరికి దానంతటదే తెగింది. సైకిలు గోడకి ఆనించి, తెగిన చెయిన్ చేత్తో పట్టుకుని నిలబడ్డాను. బట్టతల, బానపొట్ట, మోచేతుల దాకా గ్రీజు.

అప్పుడే గుడికి వెళ్తున్న ఒక కుటుంబం వచ్చింది. చేతుల్లో కొబ్బరికాయల సంచులు, మాట తీరు చూస్తే ఊరికి కొత్త. ఆవిడ నన్ను చూసింది, నా చేతిలోది చూసింది, పిల్లాణ్ణి రెక్క పట్టుకుని రోడ్డు అవతలి వైపుకి లాక్కెళ్లిపోయింది. “చెయిన్ తెగిందమ్మా” అని చెప్పబోయాను. ఈలోగా బైకు మీద పోతున్న కుర్రాళ్లు ఇద్దరు, “అంకుల్... శివా!” అని అరిచి ఈల వేశారు.

అప్పుడు నేనేం చేశానో రాయకూడదు. అయినా మీ దగ్గర దాపరికం ఎందుకు. పొట్ట లోపలికి పీల్చుకున్నాను. చెయిన్‌ని చేతికి ఒక చుట్టు చుట్టాను. మావాడు వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.

ఇట్లు,
సత్యనారాయణపురం నుంచి
మీ పాత గాయపడినవాడు

తా.క. సైకిలుకి కొత్త చెయిన్ వేయించాం. తెగినది మా బాల్కనీలో మేకుకి వేలాడుతోంది. పాత ఇనుం వాడికి పడెయ్యమని మా ఆవిడ రోజూ పోరుతోంది. ఈ వారంలో ఇద్దరొచ్చారు. ఇంట్లో ఏమీ లేవని పంపేశాను.